మీటరు మోషే సాయంకాలం పటం

కరెంటు మీటర్లు చూసి చూసి మోషేకు మనుషుల్ని కూడా అట్లాగే చూడటం అలవాటైపోయింది. ముందు సీలు చూస్తాడు, ఆ తర్వాతే మాట. హోటల్లో చట్నీ పలచగా ఉంటే నీళ్ళు ఎప్పుడు కలిపారని సర్వరును ఆరా తీస్తాడు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు మొదటి ఆదివారం నాడే పేరుపెట్టి పలకరిస్తే, ఇంటికొచ్చి "నా పేరు ఆయనకు యెవురు చెప్పినారు?" అని భార్య జయలక్ష్మిని నిలదీశాడు. పాపం, ఆయన తప్పు కూడా కాదు. నంద్యాల, గడివేముల, ఆళ్ళగడ్డల్లో ఉద్యోగమంతా ఇంటింటికీ తిరిగి రీడింగులు తీసిన మనిషి. మీటరు మీద అయస్కాంతం పెట్టినవాళ్ళను చూశాడు, సీలు బ్లేడుతో కోసి బంకతో అతికించినవాళ్ళను చూశాడు, దొరికిపోయాక మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టినవాళ్ళను చూశాడు. మజ్జిగంటే ఇప్పటికీ ఆయనకు పడదు. రిటైరైంది ఉద్యోగమే గాని చూపు కాదు.

అయితే ఆ ఉద్యోగమే ఆయనకు ఒక పిచ్చిని కూడా అంటించింది. మీటరు చూసేవాడు ముందుగదిలో ఆగడు కదా. మెట్ల కింద, వంటింటి పక్కన, గింజలు పోసే గదిలో, మీటరు ఎక్కడుంటే అక్కడికి పోతాడు. పెద్ద ఇళ్ళవాళ్ళు చుట్టాలకు చూపించని సామానంతా అక్కడే పడుంటుంది. గడివేములలో ఒక పెద్ద రైతు ఇంట్లో జొన్నల గాదెకు మూతగా ఒక నూనెరంగుల పటం కనపడింది. మంచు పట్టిన కొండలు, కింద చెరువు, చుట్టూ పూలు చెక్కిన బంగారు రంగు చట్రం. బేతంచెర్లలో నాపరాళ్ళ వ్యాపారి ఆఫీసులో ఇంకొకటి, క్యాలెండరు వెనక, అదే మేకుకు. నందికొట్కూరులో ఎప్పటి ఇంజనీరు బంగళా సామానో వేలం వేస్తుంటే మరొకటి. దొరలు పోతూ పోతూ వదిలేసినవి, చేతులు మారి మారి అటకెక్కినవి. కొండ, యేరు, చెట్లు, ఆకాశం తప్ప అందులో దేవుడూ ఉండడు, తాతముత్తాతలూ ఉండరు. అట్లాంటి పటాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోవాలో ఎవరికీ అర్థం కాదు, అడిగితే ఇచ్చేసేవాళ్ళు. మోషేకు మాత్రం అర్థమైంది. "ఈటిని చూస్తాంటే నాకు యెవురూ అబద్ధం చెప్పడం లేదనిపిస్తాది" అన్నాడొకసారి.

ఇప్పుడు నంద్యాలలో ఆయన హాల్లో అడుగుపెడితే గోడ కనపడదు. ట్యూబులైటు పీకేసి పసుపు బల్బులు పెట్టించాడు. ఎండ నేరుగా పడే గోడను ఖాళీగా వదిలేశాడు, రంగులు వెలిసిపోతాయని. ప్రతి పటాన్నీ పైనుంచి కొంచెం ముందుకు వంచి కట్టాడు, కూర్చున్నవాళ్ళ కంటికి రంగు మెరవకుండా కనపడాలని. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో కూడా ఆయనే చెప్తాడు. ఇంత చేస్తే, వచ్చిన చుట్టాలు టీ తాగి, గోడలు ఒక చుట్టు చూసి, "టీవీ యాడ పెట్టినావప్పా?" అని అడిగి పోతారు. పటాలను మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వడు. జయలక్ష్మిని కూడా.

అన్నింటికీ నడుమ ఉండేది సాయంకాలం పటం. అది కొన్నది కాదు, పుట్టినప్పటినుంచి చూసింది. మోషే తాత మిషన్ బంగళాలో వంటమనిషి. అక్కడి దొరసాని తన దేశం వెళ్ళిపోతూ ఆ పటాన్ని ఆయన చేతిలో పెట్టింది. ఒక యేరు, ఒడ్డున నీళ్ళు తాగే ఆవులు, దూరంగా చెట్లు, పైన మాగిన మామిడిపండు రంగు ఆకాశం. మోషే తల్లి ఆ పటం చూపించి "అద్దో, పొద్దు గూకింది, ప్రార్థనకు రాండి" అని పిల్లల్ని పిలిచేది. ఆమె పోయి చాలా ఏళ్ళైనా, మోషేకు ప్రార్థన అనగానే కళ్ళముందు నిలిచేది ఆ ఆకాశమే. చిన్నప్పుడు ఆయన విసిరిన బొంగరం తగిలి ఆవు వీపు దగ్గర బొక్క పడితే, తల్లి తన నీలం చీర కొంగు ముక్క కత్తిరించి, చింతగింజల బంకతో వెనకనుంచి అతికించింది. ఆ రోజు పడ్డ దెబ్బలు కూడా ఆయనకు గుర్తే.

ఇంక సుబ్బయ్య సంగతి. ఆళ్ళగడ్డలో సుబ్బయ్య లేకపోతే ఈ పటాల కొలువు సగం కూడా నిలబడేది కాదు. వాళ్ళది రాయి చెక్కే కుటుంబం. రాతిదుమ్ము రొమ్ముకు పడక ఈయన చెక్కకు మారాడు. తలుపులు, పటాల చట్రాలు చేస్తాడు. ఆయన తీగ చెక్కితే ఆకు ఈనె కూడా కనపడుతుంది. మోషే మొదటిసారి ఆ షాపుకు పోయింది రీడింగు కోసమే. ఆ వీధి మొత్తంలో సీలు చెక్కుచెదరని మీటరు అదొక్కటే. ఏదో మాయ ఉండకపోదని భూతద్దం పెట్టి మరీ చూశాడు. ఏమీ లేదు. అప్పటినుంచి ఈ లోకంలో మోషే అనుమానించని మనిషి ఒకడు తయారయ్యాడు. పాస్టరుగారికి కూడా దక్కని గౌరవం అది. విరిగిన చట్రాలకు పూలు అతికేది సుబ్బయ్యే, ఊడిన మూలలు కూర్చేది సుబ్బయ్యే. పని అయ్యాక పటాన్ని గోడకు ఆనించి, ఇద్దరూ ఎదురుగా కూర్చుని, టీ చల్లారిపోయేదాకా ఆ కొండల్లోకి చూస్తూ ఉండిపోయేవాళ్ళు. మోషే పటాలను మోషే అంత ఇష్టంగా చూసేవాడు ఇంకొకడు లేడు. దొరకడని మోషేకు కూడా తెలుసు.

మొన్న వానాకాలంలో సాయంకాలం పటం చట్రానికి చెద పట్టింది. మోషే ప్రాణం విలవిల్లాడింది. పటాన్ని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆళ్ళగడ్డ తీసుకుపోయాడు. "దీనికి అర టిక్కెట్టు కొట్టాల్నా పెద్దాయనా?" అని కండక్టరు నవ్వితే కూడా నవ్వలేదు. సుబ్బయ్య చట్రం తడిమి చూసి, "ఈడ పెట్టి పోప్పా, నిదానంగా చేస్తా" అన్నాడు. ఇంకెవరి దగ్గరైనా అయితే పనయ్యేదాకా మోషే పక్కనే చాప వేసుకుని పడుకునేవాడు. సుబ్బయ్య కాబట్టి వదిలి వచ్చాడు.

పని అయిందని ఫోను వస్తే పోయాడు. సుబ్బయ్య ముఖం వెలిగిపోతోంది. "కూచో ముందు" అని కూర్చోబెట్టి, పటం మీద గుడ్డ తీశాడు.

చట్రం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. లోపల మాత్రం సాయంకాలం లేదు. తెల్లారిపోయి ఉంది. నీలం ఆకాశం, తెల్ల మబ్బులు, తళతళలాడే నీళ్ళు. ఎర్రావులు తెల్లావులైపోయాయి.

"ఏందప్పా ఇది?" అన్నాడు మోషే.

"నీ పటమే. చట్రం ఊడదీస్తే అంచు కింద దాక్కున్న చోట రంగు వేరేగా ఉండె. పైనంతా జిడ్డు, మసి. దూదితో అద్దుకుంటా తీస్తా పోయినా. చూడు, లోపల ఇంత ఉండాది. నీకు చెప్పకుండా చూపించాలనే ఫోన్లో అన్లే."

మోషే పటాన్ని తిప్పి వెనక చూశాడు. పాత అట్ట లేదు. కొత్త చెక్క, కొత్త స్క్రూలు. సీలు మారింది. పటాన్ని దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాడు. పెట్టిన టీ అట్లాగే ఉండిపోయింది.

ఇంటికి వచ్చేసరికి జయలక్ష్మి తమ్ముడు అజయ్ కుమార్ ఉన్నాడు. వీడు ఫోను పట్టుకుంటే లోకంలో జరిగే మోసాలన్నీ వీడికే ముందు తెలుస్తాయి. సంగతి విని, "మార్చినాడు బావా" అని తేల్చేశాడు. "అసలుది ఉంచుకొని, అట్లాంటిదే కొత్తది గీయించి ఇచ్చేటోళ్ళు ఉండారు. వీడియో ఉంది, చూడు." చూపించాడు. ఏ దేశమో, ఏ భాషో. మోషే ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ చూశాడు.

అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అన్లేదు. ఆ వారమంతా మోషే తిన్నది లేదు. నిదానంగా చేస్తానని ఎందుకన్నాడు? నిదానం ఎవరికి కావాలి? ఫోన్లో ఎందుకు చెప్పలేదు? ముఖం ఎందుకంత వెలిగింది? చేసిన మేలు ఒక్కొక్కటే నేరమై కూర్చుంది. ఆవు వీపు మీద బొంగరం గుంట చూస్తే అక్కడే ఉంది. ఒక్క నిమిషం ప్రాణం కుదుటపడింది కూడా. "గీసేటోడు అది మాత్రం వదుల్తాడా?" అన్నాడు అజయ్. అంతే, ఆ గుంట కూడా దొంగదైపోయింది.

జయలక్ష్మికి విసుగొచ్చింది. "ఎనకాల చెక్క విప్పితే పాయె గదా. అత్తమ్మ చీర ముక్క ఉందో లేదో తెలిసిపోతాది."

"ముట్టొద్దు" అని మోషే అడ్డం వచ్చాడు. "సీలు పోయిన మీటరు మనం విప్పకూడదు. విప్పితే నేరం మనమీదికే వస్తాది. యెట్లుండేది అట్లే పెట్టాల. పై ఆఫీసరు వచ్చి చూడాల."

"దీనికి పై ఆఫీసరు యెవురండీ?"

మోషే పటాన్ని ఆమె చేతికి ఇవ్వలేదు. విప్పనూ లేదు. చూడండి మనిషి తెలివి! నాలుగు స్క్రూలు తిప్పితే తేలిపోయే నిజం. ఆ నాలుగు స్క్రూలు ఆయనకు డిపార్టుమెంటు సీళ్ళైపోయాయి. ఇంకెవరైనా అయితే ఎప్పుడో విప్పి చూసి, నాలుక కరుచుకుని, ఊరుకునేవాళ్ళు.

మోషే పటం పట్టుకుని ఆళ్ళగడ్డ పోయాడు. అజయ్ వెంట ఉన్నాడు. షాపులో ఒకాయన తల్లిదండ్రుల ఫోటోకు చట్రం కట్టించుకుంటున్నాడు, పక్క షెడ్లలో రాయి చెక్కేవాళ్ళు పని చేసుకుంటున్నారు. మోషే గడప కూడా దాటకుండా అడిగేశాడు.

"నా పటం యాడ పెట్టినావ్?"

సుబ్బయ్య ఉలి ఆపాడు. "నీ చేతిలోనే ఉంది గదప్పా."

"ఇది కాదు. మా అమ్మ చూసిన పటం."

అప్పుడు గాని సుబ్బయ్యకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా గొంతు పెంచలేదు. బల్లమీది స్క్రూడ్రైవరు తీసి ముందుకు చాపాడు. "ఎనక విప్పి చూడు. మీ అమ్మ అతికిచ్చిన గుడ్డ అట్లే ఉంది. నేను దాని జోలికి పోలే."

"సీలు పగలగొట్టినోడే విప్పి చూడమంటాడు. నేను చూడని ఇండ్లా?"

పక్క షెడ్లలో సుత్తి చప్పుళ్ళు ఆగిపోయాయి. సుబ్బయ్య స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "నన్ను తీస్కపోయి ఆ ఇండ్లల్లో కలిపినావా అప్పా" అన్నాడు.

ఫోటో తెచ్చినాయన "మళ్ళ వస్తాలే" అని తన ఫోటో చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. అజయ్ నంద్యాలలో చర్చి ముందర కనపడినవాళ్ళందరికీ ఈ సంగతి చెప్పాడు. సుబ్బయ్యకు పటాలు ఇచ్చినవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పనయినా కాకపోయినా తీసుకుపోయారు. నోటిమాటకు రశీదు ఎవరడుగుతారు?

ఒకరోజు పొద్దున సుబ్బయ్య భార్య కమలాక్షమ్మ జయలక్ష్మికి ఫోను చేసింది. "ఏందక్కా మీరు చేసిన పని? మా ఇంటాయప్ప షాపుకు తాళం ఏసినాడు. ఉలి ముట్టుకోవడం లేదు. దొంగ చేతులంట, ఇంక ఈటితో ఏం పని అంటాండాడు." ఆ మాట వినేటప్పటికి హాల్లో మోషే, అజయ్ పోలీస్ స్టేషనుకు బయల్దేరుతున్నారు, పటం దుప్పట్లో చుట్టి తయారుగా ఉంది.

జయలక్ష్మి కోపం రాని మనిషి. వస్తే ఆపేవాళ్ళు లేరు. పటాన్ని మోషే చేతుల్లోంచి లాక్కుంది. పరుపు మీద బోర్లా పడుకోబెట్టి, కుట్టుమిషను స్క్రూడ్రైవరు తెచ్చి విప్పడం మొదలుపెట్టింది.

"సాక్ష్యం పోతాది" అన్నాడు మోషే.

"పోనీ. ఇది మీ సాక్ష్యం గాదు, మా అత్తమ్మ పటం."

చెక్క ఊడి వచ్చింది. వెనక పాతబడి నల్లబారిన గుడ్డ, దాని మీద నీలం చీర కొంగు ముక్క, అంచుల్లో గట్టిపడ్డ చింతగింజల బంక. తల్లి వేలు నొక్కిన ముద్ర కూడా ఆ బంకలో అట్లాగే ఉంది. అజయ్ "నాకేం తెల్సు, వీడియోలో అట్లుండె" అని గొణుక్కుంటూ చెప్పులేసుకుని జారుకున్నాడు.

జయలక్ష్మి వంటింట్లోకి పోయి నూనె సీసా తెచ్చి మొగుడి ముందు పెట్టింది. "ఇదీ మీ సాయంకాలం. పండగ సున్నాలప్పుడు అత్తమ్మ పటాలన్నీ దించి తుడిచేది. అద్దం ఉన్నవాటిని తడిగుడ్డతో, అద్దం లేదని దీన్ని శనక్కాయ నూనెతో, మెరవాలని. నాకూ అట్లే నేర్పిచ్చింది. మీరు డ్యూటీకి పోయినప్పుడు నేనూ పూస్తానే వచ్చినా. ముట్టొద్దంటారని చెప్పలే."

మాగిన మామిడిపండు రంగు ఆకాశం ఏ దొరా గీసింది కాదు. ఏటేటా క్రిస్మసుకు అత్తాకోడళ్ళు పూసిన నూనె, కిరోసిన్ బుడ్డి పొగ కలిసి అట్లా పండాయి. చిన్నప్పుడు మోషే చూసే ఉంటాడు. కానీ ఇంట్లో ఆడవాళ్ళు ఏది ఎందుకు తుడుస్తున్నారో ఏ మగవాడు చూశాడని? ఊరందరి సీళ్ళూ చూశాడు మహానుభావుడు.

మోషే నాపరాళ్ళ మీద చతికిలబడి ఏడ్చాడు. తల్లి చేతులు దూదికి అంటుకుని ఆళ్ళగడ్డ కాలవలో కొట్టుకుపోయాయని ఒక ఏడుపు. సుబ్బయ్యను అన్న మాటకు ఇంకొక ఏడుపు. రెండోదే ఎక్కువసేపు ఏడ్చాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాడు, కడుక్కోవడానికి పోయాడు. కమలాక్షమ్మ ముందరే సుబ్బయ్యకు చేతులు జోడించాడు. తర్వాత ఆ వీధిలో షెడ్డు షెడ్డుకూ పోయి, "తప్పు నాది, ఆయప్పది కాదు" అని చెప్పుకున్నాడు. ఇది మోషే వంటివాడికి చిన్న పని కాదు. సుబ్బయ్య "పోనీలేప్పా. నీ ఉద్యోగం నేర్పిచ్చిన బుద్ధి అది, నీది గాదు" అన్నాడు. లేచి పోయి షాపు తాళం తీశాడు.

"పటం ఇంకా గోడకు ఎక్కలే. నువ్వే వచ్చి తగిలియ్యాల" అన్నాడు మోషే.

క్రిస్మసు మరుసటి రోజు సుబ్బయ్య భుజాన సంచి తగిలించుకుని నంద్యాల వచ్చాడు. ఇద్దరూ కలిసి పటాన్ని హాలు మధ్య గోడకు ఎత్తారు. ఎదురుగా కుర్చీలు వేసుకుని, పాత రోజుల్లోలాగే కూర్చున్నారు. ఆ పొద్దుటి నీళ్ళు, తెల్లావులు చూస్తుంటే మోషేకు కూడా అది నచ్చడం మొదలైంది. ఇంత సంతోషం తనకు మళ్ళీ దొరుకుతుందనుకోలేదు. ఆ మాట పైకి అన్నాడు కూడా. "నువ్వు రాకుంటే ఈ గోడలు నాకు ఎందుకప్పా" అన్నాడు. సుబ్బయ్య తల ఊపాడు. జయలక్ష్మి వేడివేడిగా బిర్యానీ పెట్టింది, మొహమాటం లేకుండా తిన్నారు.

బస్సు టైమైంది. సుబ్బయ్య వంటింట్లోకి పోయి జయలక్ష్మికి చెప్పి వచ్చి, సంచి భుజానికి తగిలించుకున్నాడు. వచ్చినప్పుడు చదునుగా వేలాడిన సంచి ఇప్పుడు ఒకవైపు ఉబ్బి ఉంది. మోషే చూపు ఆ ఉబ్బు మీద పడింది. అక్కడినుంచి గోడమీదికి పోయింది. కిటికీ పక్కన చిన్న పటాలు కట్టిన చోట ఒక చుట్టు చుట్టి, మళ్ళీ సంచి మీదికి వచ్చింది. ఆయన పంపలేదు. అదే పోయింది, అదే వచ్చింది.

సుబ్బయ్య చెప్పులో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. సంచి బల్లమీద పెట్టి, ఒక్కొక్కటే బయట పెట్టాడు. సుత్తి. స్క్రూడ్రైవరు. మేకుల పొట్లం. దూదిచుట్ట. తువ్వాలు. తర్వాత ఒక స్టీలు డబ్బా. దాని మూత కూడా తీశాడు. కమలాక్షమ్మ కోసం జయలక్ష్మి పెట్టిన కజ్జికాయలు.

"ఏం చేస్తాండావన్నా?" అంది జయలక్ష్మి వంటింటి గడపలోంచి.

"ఏం లేదమ్మా. చూసుకోనీ" అన్నాడు సుబ్బయ్య.

వద్దప్పా, లోపల పెట్టుకో అనాల్సింది మోషే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ సంచి అడుగు ఇంకా కనపడలేదు. సుబ్బయ్య సంచిని తిరగేసి దులిపేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు.